చారల పొట్టేలు

తర్లుపాడు పాపయ్య ఆ సోమవారానికి వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఎనిమిదింటికి సద్దన్నం, తొమ్మిదింటికి ఇస్త్రీ చొక్కా, పదింటికి గొర్రెల పెంపకందార్ల సొసైటీ మీటింగు, పదింపావుకల్లా ఏకగ్రీవంగా అధ్యక్షుడు కావడం. పోటీ అంటూ లేదు. పోటీ పడతాడనుకున్న నాగయ్య కూడా "మామ ఉండంగ నాకెందుకులే" అని తప్పుకున్నాడు. అరవై తొమ్మిదేళ్ళ జీవితంలో ఇంత సులువైన రోజు ఆయనకు ఎప్పుడూ రాలేదు. అప్పుడే అనుమానం రావలసింది, రాలేదు.

పాపయ్యకు ఊళ్ళో ఒక పేరుంది, ఒక సూత్రముంది. పేరు, పిల్లికి కూడా బిచ్చం పెట్టడని. సూత్రం ఆయన సొంతం: "జీవం ఖరీదుకు మించి దాని మందుకు ఖర్చు పెట్టేటోడు మందలో ఇంకో గొర్రె." పోయినేడు నాగయ్య తన కుంటి గొర్రెకు కాలు ఆపరేషన్ చేయిస్తానంటే, పాపయ్య పదిమంది ముందర ఈ మాట అని, అందరినీ నవ్వించి, ఆ గొర్రెను పామూరు సంత దారి పట్టించాడు. నాగయ్య కూడా అందరితోపాటు నవ్వాడు. కానీ ఆ నవ్వు మొహం మీదే ఆగిపోయిందని అప్పుడు ఎవరూ గమనించలేదు.

ఊరికి తెలియని సంగతి ఒకటుంది. పాపయ్య పిల్లికి బిచ్చం పెట్టని మాట నిజమే. ఆయన పిల్లికి రెండు పూటలా ఇన్సులిన్ సూది వేస్తాడు.

ఆ పిల్లి పేరు మునసబు. పద్నాలుగేళ్ళ చారల గండుపిల్లి. అరుగు మీద కూర్చుని, సగం కళ్ళు మూసుకుని, వచ్చేపోయేవాళ్ళందరినీ శిస్తు ఎగ్గొట్టినవాళ్ళను చూసినట్టు చూస్తుంది గనక ఆ పేరు వచ్చింది. ఏడాది కిందట అది ఒంటికి పోసిన చోట చీమలు బారులు కట్టాయి. "దీనికి మా అన్నకున్న జబ్బే వచ్చింది," అని పాపయ్య భార్య వెంకటరత్నమ్మ తేల్చేసింది. మార్కాపురంలో కుక్కలకూ పిల్లులకూ ఆసుపత్రి పెట్టిన డాక్టరు జాహ్నవి రక్తం పరీక్ష చేసి అదే మాట చెప్పింది. అప్పటి నుంచి పాపయ్య తలుపు గడియ వేసి, గొంగళి పరిచి, మునసబును ఒళ్ళో పెట్టుకుని సూది వేస్తున్నాడు. ఎవరైనా పిల్లి సంగతి ఎత్తితే మాత్రం "అది మా ఆయమ్మ పిల్లి, నాకేం సంబంధం" అంటాడు.

ఆ పొద్దున ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే వెంకటరత్నమ్మ లోపలి నుంచి అంది:

"ఏమయ్యో, నిదానంగా తయారుగా. మునసబుకు సూది నేనేసినాలే."

పాపయ్య చేయి మూడో గుండీ దగ్గర ఆగిపోయింది. "నువ్వేసినావా? నేను ఆరింటికే ఏసినానే!"

"అయ్యో నా తల్లీ! నీకు మీటింగు తొందర గదా, మరిచిపోతావని నేను ఆరున్నరకు ఏస్తి."

"నీకు సూది ఏసేది యాడ వచ్చే?"

"ఏడాది నుంచి తలుపు సందులోనుంచి చూస్తాన్నా గదా!"

ఇద్దరూ ఒకేసారి అరుగు మీదకు పరిగెత్తారు. మునసబు లేచి నిలబడింది, తూలింది, పక్కకు ఒరిగి పడిపోయింది. కాళ్ళు కొట్టుకున్నాయి, నోట్లో నురగ వచ్చింది. పాపయ్య ఫోన్ చేస్తే జాహ్నవి ఒక్క మాటే చెప్పింది: "చిగుళ్ళకు బెల్లం పాకం రుద్దుకుంటా వచ్చేయండి తాతా, ఒక్క నిమిషం కూడా ఆగొద్దు."

గొర్రెపిల్లలను మోసే గంపలో మునసబును పడుకోబెట్టి, పైన గొంగళి కప్పి, ఇద్దరూ ప్రకాష్ ఆటో ఎక్కారు. వెంకటరత్నమ్మ చేయి గొంగళి కిందే ఉండి బెల్లం రుద్దుతోంది.

"గంపలో ఏంది పెదనాయనా?" అన్నాడు ప్రకాష్.

పిల్లి అని చెప్తే ఏమవుతుంది? ఆకాశం విరిగి మీద పడదు. కానీ పాపయ్యకు ఆ క్షణాన సొసైటీ అంతా కళ్ళముందు నిలబడి పళ్ళికిలించింది.

"గొర్రెపిల్ల," అన్నాడు. "బాగలేదు. డాక్టరు దగ్గరికి పోతాన్నాం."

"నువ్వా! డాక్టరు దగ్గరికా!" అని ప్రకాష్ వెనక్కి తిరిగి చూసినంతసేపు ఆటో రోడ్డు దిగి నడిచింది. మార్కాపురంలో వాళ్ళను దింపి, అతను ఆ వార్త మోసుకుని అదే వేగంతో ఊరికి తిరిగిపోయాడు.

జాహ్నవి పిల్లిని చూసి, వెంటనే గ్లూకోజు సూది ఒకటి ఇచ్చి, దంపతులను కూర్చోబెట్టింది. ఉన్నమాట దాచే పిల్ల కాదు.

"తాతా, షుగర్ బాగా పడిపోయింది. ఇప్పుడిచ్చిన సూది కాసేపే ఆపుద్ది. డ్రిప్పు పెట్టి రెండ్రోజులు ఉంచాల, గంటగంటకూ రక్తం చూడాల. పద్నాలుగు వేలదాకా అవుతుంది. మనిషి లెక్కలో చెప్పాలంటే దీనికి డెబ్బై దాటినాయి. బతుకుతాదని నేను మాట ఇయ్యలేను. వద్దనుకుంటే నొప్పి లేకుండా సాగనంపొచ్చు, అందులో తప్పేం లేదు. ఆలోచించుకోండి, కానీ తొందరగా."

ఆమె లోపలికి వెళ్ళింది. పాపయ్య పైకప్పు వంక చూశాడు.

"పిల్లి ఖరీదెంత?" అన్నాడు, తనను తానే అడిగినట్టు.

"ఎవరికి?" అంది వెంకటరత్నమ్మ.

"సంతలో."

"సంతలో పిల్లిని ఎవురు కొంటారయ్యా?"

"అదే గదా నేననేది. ఖరీదు సున్న. సున్నకు మించి ఖర్చు పెట్టగూడదు."

"అట్లనా?" ఆమె కొంగు నడుముకు చుట్టింది. "నీకూ డెబ్బై వస్తాండాయి. రేపు నువ్వు ఇట్లనే పడితే, ముందు నీ ఖరీదు తెలుసుకోని వస్తానని సంతకు పొమ్మంటావా నన్ను?"

గంపలో మునసబు ఒక కన్ను తెరిచింది. ముందుకాలు ఎత్తబోయి, ఎత్తలేక, ఆయన బొటనవేలి మీద వాల్చింది. మూడేళ్ళ కిందట ఆయన విషజ్వరంతో నెల రోజులు మంచం పట్టినప్పుడు అది ఇదే కాలు ఆయన పాదం మీద వేసుకుని పడుకునేది. పాపయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆయన దాచుకోలేదు.

"ఆ నెల నన్ను చూసేదానికి వచ్చినోళ్ళందరూ బిస్కెట్లిచ్చి పోయినారు రత్నా. ఇదొక్కటే పోలే," అని లేచి, తలుపు దగ్గరకు పోయి కేక వేశాడు. "డ్రిప్పు పెట్టు తల్లీ! ఎంతైనా కానీ!"

ఇక్కడితో ఆగితే ఇది మంచి మనిషి కథ అయ్యేది. సరిగ్గా అప్పుడే నాగయ్య ఫోన్ చేశాడు. నాగయ్యకు స్పీకరు పెట్టి మాట్లాడడం అలవాటు. సొసైటీ గదిలో నలభై మంది కూర్చుని వింటున్నారు.

"మామా, పదైంది, యాడుండావు?"

"మార్కాపురంలో అల్లుడా. ఆసుపత్రిలో. పొట్టేలుకు బాగలేదు." గొర్రెపిల్ల అని ప్రకాష్‌తో చెప్పిన సంగతి ఆయనకు అప్పుడు గుర్తుకు రాలేదు. పద్నాలుగు వేలకు గొర్రెపిల్ల చాలదనిపించింది, అంతే.

"ఏం పొట్టేలు? నీ మంద పొద్దున్నే మా ఇంటి ముందర్నుంచి పోయె గదా?"

"కొత్తది. ఇంటికాడ కట్టేసినా."

"మందుకెంత అడుగుతాన్నారు?"

"పద్నాలుగు వేలు. పెడతాన్నా."

సొసైటీ గదిలో నలభై మంది ఊపిరి బిగబట్టారు. పాపయ్య సూత్రం అందరికీ కంఠతా వచ్చు. ఖరీదుకు మించి పెట్టని మనిషి పద్నాలుగు వేలు పెడుతున్నాడంటే, ఆ పొట్టేలు తక్కువలో తక్కువ లక్ష చేయాలి. ఒక పెద్దాయన నాగయ్య చెవిలో "దాని పిల్ల ఒకటి నాకని చెప్పు" అన్నాడు.

"ఎట్ల పడింది మామా?"

పాపయ్య గాజు తలుపులోనుంచి పిల్లిని చూస్తూ, ఆ పొద్దున మొదటిసారి నిజం చెప్పాడు. "పొద్దున బాగనే ఉండాది. ఉన్నట్టుండి తూలింది, పక్కకు పడింది, కాళ్ళు కొట్టుకున్నది, నోట్లో నురగ."

అబద్ధాలు రెండూ కలిసి చేయలేని నష్టం ఆ ఒక్క నిజం చేసింది. గొర్రెలు కాసేవాళ్ళకు ఈ నాలుగు మాటలు వరసగా చెప్తే చాలు, ఐదోది వాళ్ళే చెప్తారు: చిటుకు రోగం. చిటికె వేసినంతలో జీవాన్ని పడగొట్టే జబ్బు అది. సరిగ్గా అప్పుడే ప్రకాష్ గది గుమ్మంలోకి వచ్చి "పాపయ్య పెదనాయన గొర్రెపిల్లను గంపలో ఏసుకోని పోయినాడు, పాపం, కదల్లే" అన్నాడు. ఒక పొట్టేలు, ఒక పిల్ల. ఒకే ఇంట్లో, ఒకే పొద్దున.

అధ్యక్ష ఎన్నిక ఎక్కడిదక్కడ ఆగిపోయింది. అరగంటలో తర్లుపాడు పశువుల ఆసుపత్రి ముందర రోడ్డు కనిపించలేదు, గొర్రెలే కనిపించాయి. అక్కడి డాక్టరు శ్రీకాంత్ వానలు పడకముందే జీవాలకు చిటుకు రాకుండా సూదులు వేయించుకోండని నెల రోజులుగా ఇల్లిల్లూ తిరిగి మొత్తుకున్నాడు. అప్పుడు ఒక్కరూ రాలేదు. ఇప్పుడు బస్సు ఆగింది, కండక్టరు దిగి తిట్టాడు, ఆయన ఖాకీ చొక్కా కొసను ఒక మేక నమిలింది. పాపయ్య మంద నీళ్ళ తొట్టి దగ్గరకు వస్తే జనం కర్రలు పట్టుకుని వెనక్కి తోలారు. శ్రీకాంత్ మాత్రం ఫ్రిజ్ ఖాళీ అయ్యేదాకా, పాపయ్య మందతో సహా పదకొండు వందల జీవాలకు సూదులు వేశాడు. మధ్యాహ్నం మూడింటికి, ఆ పొట్టేలు రక్తం కొంచెం తీసి పరీక్షకు ఒంగోలు పంపాలని, ప్రకాష్ ఆటోలోనే మార్కాపురం బయలుదేరాడు. నాగయ్య, ఇంకో ఇద్దరు పెద్దమనుషులు వెంట ఎక్కారు.

వాళ్ళు ఆసుపత్రిలోకి వచ్చేసరికి పాపయ్య బల్ల మీద కూర్చుని, ఇస్త్రీ చొక్కా నిండా బెల్లం మరకలతో, కునికిపాట్లు పడుతున్నాడు.

"మామా, పొట్టేలు యాడ?" అన్నాడు నాగయ్య.

పాపయ్య ఉలిక్కిపడి లేచాడు. వెంకటరత్నమ్మకు ఇవేవీ తెలియవు. "ఏం పొట్టేలు అల్లుడా? మా మునసబు అదిగో, పెట్టెలో ఉండాది. ఇప్పుడే తేరుకున్నది," అంది సంబరంగా.

కాలికి పట్టీ, పట్టీకి గొట్టం, గొట్టం పైన సీసా. మునసబు తల ఎత్తి, సగం కళ్ళు మూసుకుని, వచ్చిన నలుగురినీ విచారించింది.

"నాకు గొర్రెపిల్ల అని చెప్తివే పెదనాయనా!" అన్నాడు గుమ్మంలోనుంచి ప్రకాష్.

శ్రీకాంత్ చేతిలో రక్తం తీసే సూది అలాగే ఉంది. "మరి నేను పదకొండు వందల సూదులు ఎవరికోసం ఏసినా తాతా? చెయ్యి పైకి లేస్తల్లే," అన్నాడు.

నాగయ్య మాత్రం ముందుకొచ్చి, నెమ్మదిగా, పోయినేటి నుంచి నోట్లో నానబెట్టుకున్న ప్రశ్న అడిగాడు.

"మామా. పిల్లి ఖరీదెంత?"

పాపయ్య తల వంచుకున్నాడు. అధ్యక్ష పదవి పోయిందని ఆయనకు తెలిసిపోయింది. విచిత్రంగా, దాని మీద దిగులే అనిపించలేదు.

"సున్న అల్లుడా," అన్నాడు. "సున్నకు పద్నాలుగు వేలు పెట్టినా. మళ్ళా పడితే మళ్ళా పెడతా. నవ్వుకోండి. కానీ ఒక మాట. ఆ పొద్దు నీ గొర్రెను అమ్మించినా చూడు, అది తప్పు. నీకు దాని మీద ప్రాణమని నీ మొహం చూస్తే తెలిసింది. తెలిసే నవ్వించినా."

అందరూ నాగయ్య నవ్వుతాడనుకున్నారు. నాగయ్య మెడ మీది తువ్వాలు తీసి మళ్ళీ వేసుకున్నాడు.

"నేను దాన్ని అమ్మలే మామా."

"అమ్మలేదా?"

"నీ నోటికి జడిసి అమ్మినానని చెప్పినా. చంద్రశేఖరపురంలో మా అత్తగారింట్లో దాచినా. ఆపరేషన్ చేయించినా, ఎనిమిది వేలైంది. మొన్న జంటపిల్లల్ని ఈనింది. వారం వారం పోయి చూసొస్తాన్నా. మా ఇంటిదేమో అత్తగారి మీద అంత ప్రేమేందని నన్ను అనుమానిస్తాంది."

పెద్దమనుషుల్లో ఒకాయన దగ్గి, గోడ వైపు తిరిగి, "మా కుక్కకు పోయిన నెల కన్ను ఆపరేషన్..." అని ఆపేశాడు. రెండో ఆయన జాహ్నవితో పక్కకు పోయి, కోడిపుంజులకు కూడా చూస్తారా అని చిన్నగా అడిగాడు. ముందు వెంకటరత్నమ్మ నవ్వింది. తరువాత పాపయ్య. ఆ తరువాత నవ్వని మనిషి లేడు, జాహ్నవి వచ్చి పేషెంట్లున్నారని కసురుకునేదాకా.

ఎన్నిక అక్కడే, మందుల వాసనలో జరిగిపోయింది. నాగయ్య ప్రతిపాదించాడు, కుక్క పెద్దమనిషి బలపరిచాడు. అధ్యక్షుడిగా పాపయ్య చేసిన మొదటి పని పాత సూత్రాన్ని రద్దు చేయడం. రెండోది, నాగయ్య గొర్రెను పిల్లలతో సహా ఇంటికి తీసుకురావడానికి అక్కడికక్కడే ప్రకాష్ ఆటో మాట్లాడడం. మునసబు బుధవారం గంపలో, ఈసారి గొంగళి కప్పకుండా, ఊళ్ళోకి వచ్చింది. సూది ఎవరు వేస్తే వాళ్ళు గోడ మీద బొగ్గుతో గీత గీయాలని ఇంట్లో చట్టం వచ్చింది.

పదిహేను రోజులకు వానలు పడ్డాయి. లేతగడ్డి మేసి పక్క ఊళ్ళలో గొర్రెలు చిటుకు రోగంతో రాలిపోయాయి. తర్లుపాడులో ఒక్కటి కూడా పడలేదు. అప్పటిదాకా పాపయ్యను తిడుతున్న నలుగురైదుగురు కూడా, ముందుచూపున్న మనిషి అనడం మొదలుపెట్టారు.

శ్రీకాంత్‌కు మాత్రం ఒక చిక్కు మిగిలింది. ఉన్నపళంగా అన్ని సూదులు ఎందుకు వేయవలసి వచ్చిందో పైఆఫీసుకు రాయాలి. జబ్బుపడిన జీవం అనే గడిలో "పొట్టేలు, ఒకటి, కోలుకుంది" అని రాశాడు. గుర్తులు అనే గడిలో "చారలు" అని రాసి, కాసేపు ఆలోచించి, అబద్ధం రాయడం ఇష్టం లేని మనిషి గనక, పక్కన "మీసాలు" అని కూడా చేర్చాడు.