దొంగ కిటికీ

“రెండు వందల ఏళ్ళ చరిత్రకు కన్నం వేసే హక్కు ఈ దేశంలో ఎవ్వరికీ లేదు!” అని మా ఆల్డర్‌కోట్ విల్లా నివాసుల సంఘం అధ్యక్షులు హంఫ్రీ లాంగ్‌స్టాఫ్ గారు సెలవిచ్చారు. మేమంతా చప్పట్లు కొట్టాం.

ఈ విల్లా ఒకప్పుడు ఒక్క దొరగారిది. ఇప్పుడు ఐదు కాపురాలుగా కోసి పంచుకున్నాం. నా వంతుకు సగం నాట్యశాల వచ్చింది. పైకప్పు నడిమి సున్నపు పువ్వులో మూడు రేకులు నావి, తక్కినవి గోడ అవతలివాళ్ళవి. అయినా చుట్టాలకు ‘విల్లాలో ఉంటున్నాం’ అనే చెబుతాం. సగం సంగతి ఎత్తం!

కన్నం వేస్తానన్నది థెల్మా ప్రోబర్ట్. ఎడమ కొసన మేడ మీద ఉంటుంది. మంచం పట్టిన ఆమె తల్లి ఎనిడ్ గదికి కిటికీ లేదు. బయటి నుంచి చూస్తే ఉంది! కుడి కొసన హంఫ్రీ గారి కిటికీకి జోడీగా, గోడ మీద నల్ల అద్దాలూ తెల్ల చట్రమూ రంగులతో వేసిన దొంగ కిటికీ అది. ఏటా దానికి కొత్త రంగు పూయిస్తాం కూడా.

“అమ్మకు పగలో రాత్రో తెలియట్లేదండీ. అన్నం తినే వేళకి నన్ను నిద్రపొమ్మంటోంది” అంది థెల్మా.

“గడియారం కొనిపెట్టమ్మా! విల్లా అందమంతా ఆ జోడీలోనే ఉంది. రెండు కొసలూ ఒకేలా ఉండాలి!” అన్నారు హంఫ్రీ గారు.

“ఒకేలానే ఉంటాయిగా! బొమ్మ బదులు నిజం అద్దం బిగిస్తానంటున్నా.”

“నిజం వేరు, చరిత్ర వేరు!”

ఇంత గొప్ప మాట విన్నాక ఇంకేం వాదిస్తాం? చేతులెత్తి వద్దన్నాం. థెల్మా కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. నాకు పాపం అనిపించింది. కానీ చెయ్యి అప్పటికే పైనుంది.

మళ్ళీ ఎవరూ నోరెత్తకుండా హంఫ్రీ గారు పాత కట్టడాల అధికారిణి మిస్ టిండల్‌ను పిలిపించారు. ఆవిడ పచ్చికలో నిలబడి రెండు కొసలూ చూసి “భేష్!” అంది. అంతటితో పంపేస్తే పోయేది. మర్యాదస్తులు కదా, తన గదిలోకి టీకి తీసుకెళ్ళారు. కేకు కోసం మేమూ వెంటపడ్డాం. థెల్మా మాత్రం తల్లి దగ్గరే ఉండిపోయింది.

మిస్ టిండల్ ఇలా కూర్చుందో లేదో, ఎండ తిన్నగా మొహాన కొట్టింది. కప్పు కింద పెట్టేసింది.

“ఇది నిజం కిటికీయా?”

“నిక్షేపంగా! అందుకేగా ఈ గదిలో టీ!”

“కట్టినప్పటి పటాల్లో రెండు కొసలా దొంగ కిటికీలేనండీ. ఇక్కడ గోడ పగలగొట్టిందెవరు?”

హంఫ్రీ గారి మొహం పాలిపోయింది. “అదీ... నేను కొన్న కొత్తలో... కాస్త గాలాడక...”

“రెండూ ఒకేలా ఉండాలన్నది తమరేగా? అయితే ఇది మూసెయ్యండి. లేదా అదీ తెరిపించండి. ఏదో ఒకటి తేల్చండి!”

అక్కడికక్కడే సమావేశం! హంఫ్రీ గారు కేకు ముక్కతోనే లేచారు. “మిత్రులారా! చరిత్రకు వెలుతురు కావాలి! పాపం ఆ ముసలావిడ కోసం ఈ మాత్రం చెయ్యలేమా?”

చేతులన్నీ లేచాయి. నాదే ముందు.

నెల తిరక్కుండా ఎనిడ్ మంచం మీద ఎండ పడింది. థెల్మా గుమ్మం గుమ్మానికీ వచ్చి, మా రెండు చేతులూ పట్టుకుని, “మీ మనసు వెన్నండీ!” అంటూ ఏడ్చేసింది. ఆ ఓటు హంఫ్రీ గారి టీ గది కోసం వేశామని మేమెవ్వరం నోరు విప్పలేదు. “అయ్యో, అంత మాటెందుకమ్మా!” అన్నాం.