ఆదివారం లేని మనిషి

సెలవుకు ముందురోజు చివరి గంట కొట్టగానే గేటు కాసే బడి పోలీసులు నిలబడ్డచోటే మాయమవుతారు, మళ్ళీ బడి తెరిచిన పొద్దున గేటు దగ్గర తేలతారు. ఇందులో వింతేం లేదు. పని లేని రోజుకు జీతం లేదు, జీతం లేని రోజుకు మనిషెందుకని కాంట్రాక్టులోనే ఉంది. రెగ్యులర్ పోలీసులకు ఈ బెడద లేదు, వాళ్ళు ఆదివారాలు కూడా ఉంటారు.

బందరులో శనివారం సాయంత్రాలు భార్యలు గేటు దగ్గరకొచ్చి, మిగిలిపోయిన సైకిలూ క్యారేజీ ఇంటికి తీసుకుపోవడం ఆనవాయితీ. అక్కడి ఒక బడి పోలీసు యేసుపాదం. అతని భార్య రత్నకుమారి సైకిలు నడిపించుకుపోతుంటే, అతను కాసే బడిలోనే పదో తరగతి చదివే కూతురు సువార్త వెనక సీటు పట్టుకుని నడిచేది. నాన్నతో ఒక్కసారి మంగినపూడి సముద్రానికి వెళ్ళాలని ఆ పిల్ల కోరిక. అతనికీ అదే కోరిక, పైకి అనేవాడు కాదు.

చివరికి అధికారి దగ్గరకు వెళ్ళాడు.

"ఒక్క ఆదివారం ఉండనివ్వండి సార్. జీతం వద్దు."

"జీతం లేకుండా ఉంచుకుంటే నిన్ను దోచుకున్నామంటారయ్యా. మనది పద్ధతైన శాఖ. సెలవుల్లో ఉండాలంటే ఒకటే దారి, పరీక్ష తప్పినోళ్ళకి ఎండాకాలం ప్రత్యేక తరగతులు పెట్టాలి. మీ బళ్ళో ఈ ఏడు ఒక్కళ్ళూ తప్పేట్టు లేరంటగా. పాపం."

ఆ సాయంత్రం అన్నం దగ్గర "మీ బళ్ళో అందరూ పాసేనంట" అని ఇంట్లో చెప్పాడు. తప్పినోళ్ళుంటేనే ఎండాకాలం తనకు డ్యూటీ ఉండేదని నవ్వుతూ కలిపాడు. సువార్త మజ్జిగ పోసుకుని లేచింది.

పరీక్షలయ్యాయి, సెలవులిచ్చారు, అతను మాయమయ్యాడు. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి గేటు దగ్గర మండుటెండ. బడి మొత్తానికి తప్పింది ఒక్కరే. ఆ ఒక్కతే సంచీ భుజాన వేసుకుని ఎదురుగా నిలబడి ఉంది.

"లెక్కలు నీకు నోటికొచ్చు కదే అమ్మా."

"వచ్చు నాన్నా. కాయితం తెల్లగా ఇచ్చేశా."

అతను తిట్టాలి. తండ్రన్నవాడు తిట్టాలి. కానీ నడి ఎండాకాలంలో కూతుర్ని చూడటం అతనికదే మొదలు. ఎండకు ఆ పిల్ల ముక్కు మీద చెమట పడుతుందని అతనికి అప్పటిదాకా తెలియదు.

"సముద్రానికి పోదామా?"

"డ్యూటీలో గేటు వదలకూడదమ్మా. ఆదివారమేమో నేనుండను."

సువార్త సంచీ ఇంకో భుజానికి మార్చుకుంది.

"మళ్ళీ తప్పితే దసరాకి కూడా తరగతులు పెడతారా నాన్నా?"

యేసుపాదం టోపీ సర్దుకుని, ఆమెకు గేటు తీశాడు.

"కనుక్కుంటానమ్మా" అన్నాడు.