హ్యాండిక్యాప్ యాభై నాలుగు

"ఈ రోజు నుంచి హ్యాండిక్యాప్ సర్టిఫికెట్ లేకుండా బయటి మనిషి ఒక్కడు కూడా ఈ గడ్డి తొక్కడానికి వీల్లేదు. మా నాన్నగారు లేచొచ్చినా సరే!"

గోల్ఫ్ క్లబ్ సెక్రటరీ గారు గేటు దగ్గర బోర్డు ఆవిష్కరిస్తూ చేసిన ప్రకటన ఇది. ఆయన తండ్రిగారు పోయి పన్నెండేళ్ళయింది కాబట్టి అటునుంచి ఇబ్బందేమీ రాలేదు.

ఆ సర్టిఫికెట్ సంగతి తెలియని వాళ్ళ కోసం చెప్పాలి. పద్దెనిమిది గుంటల్లో బంతిని పడేయడానికి ఆరితేరినవాడు డెబ్భై రెండు దెబ్బలు కొడతాడని లెక్క. అంతకంటే మీరు మామూలుగా ఎన్ని ఎక్కువ కొడతారో అదే మీ హ్యాండిక్యాప్. సున్నా అంటే మహానుభావుడు. యాభై నాలుగు అంటే, దాని పైన ఇక అంకె లేదు. ఆ అంకె వేసి సొంత క్లబ్బువాళ్ళు ఇచ్చే కాగితమే సర్టిఫికెట్. 'ఇరవై ఎనిమిది దాటరాదు' అని బోర్డు మీద ఎర్రక్షరాలతో రాయించారు.

ఆ కాగితాలు చూసే పని గేటు గుమాస్తాది. పంతొమ్మిదేళ్ళుగా టెంపరరీ. క్లబ్ వెనక ఒంటిగదిలో భార్యతో కాపురం. టెంపరరీ వాళ్ళకి గది ఉండకూడదని ఆ మధ్యే ఆడిట్లో తేలింది. నెలాఖరులోగా పర్మనెంటు కావాలి, లేదా గది ఖాళీ చెయ్యాలి.

"ఈ ఒక్క నెలా రూలు గట్టిగా అమలు చెయ్యవయ్యా. నీ ఆర్డరు నా చేత్తో నేనే ఇస్తాను" అన్నారు సెక్రటరీ గారు.

గుమాస్తా ఇస్త్రీ చొక్కా వేసుకుని, గేటు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. చీమ వచ్చినా కాగితం అడిగేలా ఉన్నాడు.

మూడో రోజున క్రీడల మంత్రిగారు వచ్చారు. ఏడు కార్లు, వెనకాల పేపరువాళ్ళ వ్యాను. క్రీడల్ని ఉద్ధరించాలంటే ముందు తాను ఆడాలని మంత్రిగారికి ఆ ఉదయమే తట్టింది. కొత్త టోపీకి ధర చీటీ ఇంకా వేలాడుతూనే ఉంది.

గుమాస్తా లేచి దణ్ణం పెట్టి, "సర్టిఫికెట్ సార్" అన్నాడు.

పి.ఏ. ముందుకు దూకాడు. "ఏమయ్యా, కళ్ళు కనపడుతున్నాయా? ఎవరనుకుంటున్నావ్?"

"మంత్రిగారు సార్. నిన్న టీవీలో కూడా చూశాను."

"మరి?"

"టీవీలో కూడా కాగితం చూపించలేదు సార్."

కెమెరాలన్నీ ఇటు తిరిగాయి. మంత్రిగారు కెమెరాల వంక చూశారు, తర్వాత గుమాస్తా వంక చూశారు, వెంటనే అతన్ని కావలించుకున్నారు. "చూశారా! ఇలాంటి ఉద్యోగులుంటే దేశం ఎక్కడో ఉంటుంది. ఈ రూలంటే నాకు ప్రాణం. రేపే సర్టిఫికెట్‌తో వస్తాను" అన్నారు. కౌగిలి వదిలేముందు చెవిలో ఇంకో మాట కూడా అన్నారు. అది పేపర్లో రాలేదు. రాయదగ్గది కాదు కూడా.

ఇక సర్టిఫికెట్ పుట్టించే పని పి.ఏ. మీద పడింది. శాఖలో ఫారం తయారైంది, ముద్ర తయారైంది, అంకె ఒక్కటే మిగిలింది. సెక్రటరీ గారికి ఫోన్ కొట్టాడు.

"ఏ అంకె వేస్తే గొప్పండీ?"

"సున్నా వేస్తే అన్నిటికన్నా గొప్ప సార్."

"సున్నానా? మా సార్‌కా? ఏం, ఒళ్ళు ఎలా ఉంది?"

"కాదు సార్, ఇందులో ఎంత తక్కువైతే అంత..."

"ఎక్కడండీ తక్కువైతే గొప్ప? మార్కుల్లోనా? ఓట్లలోనా? మా సార్ మెజారిటీ ఎంతో తెలుసా మీకు? అన్నిటికంటే పెద్ద అంకె చెప్పండి."

సెక్రటరీ గారు నీళ్ళు నమిలి, "యాభై నాలుగు" అన్నారు.

"అంతేనా? వంద లేదా?"

"లేదు సార్. ప్రపంచంలో ఎక్కడా లేదు."

'ప్రపంచంలో ఎక్కడా లేదు' అన్న ముక్క పి.ఏ.కి బాగా నచ్చింది. మర్నాడు ఊరంతా ఫ్లెక్సీలు వెలిశాయి. 'ప్రపంచ గరిష్ఠ స్థాయి యాభై నాలుగు సాధించిన మా నేతకు అభినందనలు.' ప్రతిపక్షం వాళ్ళు ఊరుకుంటారా? అందులో రిగ్గింగ్ జరిగిందనీ, తమ నాయకుడికి ఎప్పుడో చిన్నప్పుడే యాభై నాలుగు వచ్చిందనీ ధర్నా చేశారు.

మంత్రిగారు సర్టిఫికెట్‌ను ఫ్రేము కట్టించి, ఇద్దరు మనుషుల చేత మోయించుకుంటూ గేటు దగ్గరికి వచ్చారు. గుమాస్తా దాన్ని పైనుంచి కింది దాకా చదివాడు. బోర్డు వంక చూశాడు. ఇరవై ఎనిమిది దాటకూడదు. ఆపితే మంత్రిగారితో పేచీ, వదిలితే రూలు తప్పినట్టు. ఎటు చూసినా గది పోయేలా ఉంది.

"ఒక్క నిమిషం సార్, రిజిస్టర్ తెస్తాను" అని లోపలికి పరిగెత్తి సెక్రటరీ గారి కాళ్ళ మీద పడ్డాడు.

కమిటీ నిలుచున్న పళాన సమావేశమైంది. నిమిషన్నరలో తీర్మానం అయింది. పెయింటరు నిచ్చెనేసుకుని బోర్డెక్కి, 'దాటరాదు' అన్నచోట 'తగ్గరాదు' అని దిద్దాడు. రంగు ఆరకముందే మంత్రిగారు లోపలికి నడిచారు.

అక్కణ్ణుంచి గుమాస్తా దశ తిరిగింది. చేతగానివాళ్ళంతా రొమ్ము విరుచుకుని వస్తున్నారు. చేతనైనవాళ్ళు గేటు దగ్గర బతిమాలుతున్నారు. ఒకరోజు జాతీయ ఛాంపియనే వచ్చాడు.

"సున్నా సార్ మీది. కుదరదు" అన్నాడు గుమాస్తా జాలిగా.

"నేను దేశం తరఫున ఆడానయ్యా!"

"అదే సార్ మీతో వచ్చిన చిక్కు. కాస్త మానెయ్యండి. వయసులో ఉన్నారు, మీకూ వస్తుంది."

నెలాఖరు వచ్చింది. ఒక్క తప్పు లేదు. ఈలోగా మంత్రిగారు క్లబ్‌కి గౌరవాధ్యక్షులయ్యారు కాబట్టి పర్మనెంటు ఫైలు వారి బల్ల మీదికి వెళ్ళింది. వారు కలం తీసి, ఆగి, గంభీరంగా అడిగారు.

"అందరి సర్టిఫికెట్లూ చూసేవాడికి సొంత సర్టిఫికెట్ ఉందా?"

లేదు.

"రూలు అందరికీ ఒకటే. రేపు నా ఎదుటే ఆడమనండి. ఒక్క గుంట చాలు, మిగిలింది లెక్క కడదాం. ఇరవై ఎనిమిది వస్తే అక్కడే సంతకం."

గుమాస్తా ఇంటికొచ్చి, సంగతి చెప్పి దిగాలుగా కూర్చున్నాడు. భార్య నవ్వింది. "అందుకా ఆ మొహం? మీరు ఎప్పుడైనా ఆ కర్ర పట్టుకున్నారా?"

"లేదు."

"ఎలా కొట్టాలో తెలుసా?"

"ఊహూ."

"మరి ఇంకేం భయమండీ? మీ అంత రానివాడు ఈ ఊళ్ళో ఇంకోడున్నాడా?"

ఆ మాటతో గుండె కుదుటపడింది. అయినా జాగ్రత్త మంచిదని, కొట్టేటప్పుడు కళ్ళు మూసుకోవాలనీ, గుంటకి అడ్డంగా తిరిగి నిలబడాలనీ మనసులో ఖాయం చేసుకున్నాడు.

మర్నాడు గుంట నూట అరవై గజాల దూరంలో ఉన్నచోట జనం చేరారు. కుర్చీలో మంత్రిగారు, చేతిలో ఫైలుతో పి.ఏ., దూరంగా కంచె దగ్గర భార్య. గుమాస్తా కర్రని తలకిందులుగా పట్టుకుంటే పి.ఏ. తిప్పి ఇచ్చాడు. గుంటకి పక్కకి తిరిగాడు. కళ్ళు మూసుకున్నాడు. ఉన్న బలమంతా పెట్టి ఒక్కటి ఇచ్చాడు.

బంతి ఎగిరి పెయింటరు వదిలేసిన నిచ్చెనకి తగిలింది. అక్కణ్ణుంచి మంత్రిగారి కారు మీద పడింది. కారు మీంచి నీళ్ళ ట్యాంకుకి కొట్టుకుని, పచ్చిక మీద దిగి, పెళ్ళికూతురు నడిచినట్టు మెల్లగా నడిచి గుంటలో దిగింది.

సెక్రటరీ గారు చప్పట్లు కొట్టబోయి చేతులు గాల్లోనే ఆపేశారు. జీవితంలో ఆయన అలాంటిది చూడలేదు.

"ఎన్ని?" అన్నారు మంత్రిగారు.

"ఒకటి సార్."

"ఒకటేనా?" మంత్రిగారి మొహంలో నిజమైన బాధ కనిపించింది. "ఇదే గుంటకి నేను పదిహేడు కొట్టాను. పాపం, మంచివాడే. ఏం చేస్తాం, రూలు రూలే." పి.ఏ. ఫైలు మీద 'అనర్హుడు' అని రాసి కలం మూశాడు.

సాయంత్రం ఒంటిగదిలో భార్య గిన్నెలు గోనెసంచిలో సర్దుతోంది. సర్దుతూ సర్దుతూ ఉండబట్టలేక తిరిగింది.

"ఒక్కటంటే ఒక్కటేనా? ఇంకో నాలుగు కొట్టడానికి చేతులు రాలేదా మీకు?"

"కొడదామనే చూశానే" అన్నాడు గుమాస్తా, పరుపు చుట్ట చుడుతూ. "కళ్ళు తెరిస్తే బంతేదీ?"