బీడింగ్ కింద వంశచరిత్ర

ఒక వంశం ఎంత గొప్పదో తేల్చాలంటే శాసనాలు చదవక్కర్లేదు, ఆ ఇంటి పాత కారుకి బీడింగ్ ఊడదీసి చూస్తే చాలు! ఇది నా సిద్ధాంతం. దీనికి ఏ విశ్వవిద్యాలయమూ నాకు డాక్టరేట్ ఇవ్వలేదు. ఇవ్వకపోతే నష్టం వాళ్ళకే. మా బావగారి షెడ్డులో నేను చేసిన పరిశోధన అలాంటిది.

మా బావగారంటే వెంకటకృష్ణారావుగారు. చాట్రాయి దగ్గర మామిడితోట, నూజివీడులో మేడ, మేడ ముందు ఒక తెల్ల అంబాసిడర్. తోట కాయలిస్తుంది, మేడ అద్దెలిస్తుంది, కారు పరువిస్తుంది. ఇంటికెవరొచ్చినా మంచినీళ్ళకన్నా ముందు ఆ కారు చరిత్రే అందుతుంది. "మా నాన్నగారు రాఘవయ్యగారు ముచ్చటపడి కొన్న కారండీ! ఆ రోజుల్లో ఈ చుట్టుపక్కల పెద్దమనుషులంతా ఇందులో తిరిగినవాళ్ళే!"

ఆ మాట వినపడగానే వాళ్ళమ్మగారు తులసమ్మగారు లోపల్నుంచి గట్టిగా దగ్గుతారు. నేను అక్కగారింట్లో ఉండి తోట పనులు చూసుకునే బావమరిదిని. అంచేత ఆ దగ్గు నాకు వినపడదు.

ఈ వేసవిలో మా ఊళ్ళో 'వారసత్వ వాహన సంస్కృతీ వికాస సంఘం' వెలిసింది. పేరు బ్యానర్ మీద పట్టక 'సంఘం' పక్క గోడ మీదికి పోయింది. ప్రదర్శనలో ఎవరి కారు అచ్చమైన వారసత్వ వాహనమని తేలితే వారికి షీల్డు, దాంతోపాటు అధ్యక్ష పదవి. ఇంకేముంది, బావగారికి నిద్ర కరువైంది.

కారుకి ఒక్కటే లోపం. తలుపుల మీద పొడుగ్గా మెరిసే స్టీలు పట్టీ ఉంటుంది చూడండి, అదే బీడింగ్. వయసు మీదపడి దాన్ని పట్టుకుని ఉండే క్లిప్పులు తుప్పు పట్టిపోయాయి. వాన నీళ్ళు ఆ క్లిప్పుల కన్నాల్లోంచి తలుపులోకి దిగుతున్నాయి. మొన్నటి గాలివానకి ఆ తుప్పు నీళ్ళు బావగారి తెల్లపంచెకి అభిషేకం చేసేశాయి.

హనుమాన్ జంక్షన్ నుంచి మెకానిక్ పోతురాజుని పిలిపించాం.

"క్లిప్పులన్నీ మార్చేయాలండి. కన్నాల చుట్టూ తుప్పు గీకి, ప్రైమర్ కొట్టి, క్లిప్పు వెనకాల సీలెంట్ పెట్టి నొక్కేస్తే చుక్క నీరు దిగదండి" అన్నాడు.

"కొత్త క్లిప్పులా! జడ్జీలు కనిపెడితే?" అన్నారు బావగారు.

"పట్టీ కిందుంటాయండి. ఎవరికి కనపడతాయండి?"

పోతురాజు తలుపు మీద పట్టీ మెల్లగా పైకెత్తి లాగాడు. తర్వాత వేసిన తెల్లరంగు తాకని చోట, పట్టీ కింద నిగనిగలాడే నలుపు! టాపు అంచునున్న పట్టీ కూడా లాగాడు. దాని కింద పచ్చని పసుపు! పైన పసుపు, కింద నలుపు. మన రాష్ట్రంలో ఈ రంగుల అర్థం పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు.

"ఇదేంటండీ, ఇది టాక్సీ..."

బావగారు భుజం మీది కండువా తీసి గబుక్కున కప్పేశారు. "అండర్‌కోటు! ఆ రోజుల్లో అండర్‌కోటు రెండు రంగుల్లో వేసేవాళ్ళు. నువ్వు పని చూడు!"

దగ్గి దగ్గి విసిగిపోయిన తులసమ్మగారు ఈసారి బయటికే వచ్చేశారు.

"అండర్‌కోటేంట్రా! మీ నాన్న జంక్షన్‌లో టాక్సీ నడిపాడు. ఎండనక వాననక స్టీరింగ్ పట్టి, ఆ సంపాదనతోనే తోట కొన్నాడు."

"అమ్మా, మెల్లగా! గోడలకి చెవులుంటాయి."

"విననీ! మనిషి పోయాడు సరే, ఆయన కష్టాన్ని కూడా లేకుండా చేశావు కదరా!" ఆవిడ కళ్ళు నిండిపోయాయి.

"నీకు తెలీదమ్మా. టాక్సీ డ్రైవరు కొడుకుని అధ్యక్షుణ్ణి చేస్తారా ఎవరైనా?" అన్నారు బావగారు. ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు.

ఇక కొత్త క్లిప్పుల సమస్య. పట్టీ కిందుంటాయన్నా బావగారికి ధీమా లేదు. అవి తళతళలాడుతూ 'మేం నిన్ననే పుట్టాం' అని అరుస్తున్నాయి. అదే సమయానికి వంటింట్లో ఆవకాయకి కాయలు కొడుతున్నారు. కాయలు కొట్టిన కత్తి నల్లబడటం చూసి బావగారి బుర్ర వెలిగింది! పచ్చికాయలు దంచి పిండించిన రసంలో క్లిప్పులన్నీ నానేశారు. తెల్లారేసరికి నల్లగా, ముసలిగా, పరమ పూజ్యంగా తయారయ్యాయి.

"చూశావా కృష్ణకాంత్! పచ్చికాయని పండు చేసేవాళ్ళం, కొత్త క్లిప్పుని పాతది చెయ్యలేమా?" అన్నారు నాతో.

"కడిగి ఆరబెట్టమంటారా అండి?" అన్నాడు పోతురాజు.

"కడిగితే పాతదనం పోదూ!"

"మీ ఇష్టమండి" అని ఆ పులుపు తడి మీదే సీలెంట్ పెట్టి నొక్కేశాడు. అలా పెడితే అతుక్కుంటుందా అని నేనడగలేదు. అడిగే అలవాటుంటే ఆ ఇంట్లో ఇన్ని ఆవకాయలు తినేవాణ్ణా!

ప్రదర్శన రోజు మండుటెండ. అందరికన్నా ముందు తులసమ్మగారు వెళ్ళి వెనక సీట్లో కూర్చున్నారు. దిగమనే ధైర్యం బావగారికి లేకపోయింది. హైదరాబాదు నుంచి జడ్జి ప్రవల్లికగారు వచ్చారు. జమీందారుల కార్లు, దివాన్ల కార్లు, జమీందారుల బావమరుదుల కార్లు చూసి చూసి మా దగ్గరికి చేరారు.

"ప్రతి స్క్రూ, ప్రతి క్లిప్పూ పుట్టినప్పటివేనండీ!" అంటూ బావగారు తలుపు మీద ప్రేమగా చరిచారు.

టప్! పట్టీ ఒక కొస లేచింది. టప్, టప్, టప్! క్లిప్పులన్నీ వరసగా ఊడి, సీలెంట్ మామిడితాండ్రలా సాగి, పట్టీ వచ్చి జడ్జిగారి కాళ్ళ దగ్గర పడింది. నేనేం తక్కువ అన్నట్టు పైపట్టీ కూడా దిగింది.

"టాక్సీ రోయ్!" అన్నారెవరో వెనకనుంచి.

బావగారు "అండర్..." అంటుండగానే తులసమ్మగారు కారు దిగారు. "టాక్సీయేనమ్మా. మా ఆయన నడిపాడు. నొప్పులు పడుతున్న ఆడవాళ్ళని దీంట్లోనే ఆసుపత్రికి చేర్చేవాడు. బేరం లేని రోజు దీంట్లోనే పడుకునేవాడు. సిగ్గుపడే పని ఒక్కటీ చెయ్యలేదు."

ప్రవల్లికగారు ఆ నలుపుని వేలితో తడిమి చూశారు. "పొద్దుట్నుంచీ జమీందారుల గురించే వింటున్నాను. ఇంతమంది జమీందారులుంటే మరి ఈ ఊళ్ళో శిస్తు కట్టినవాళ్ళెవరండీ? నిజం చెప్పిన కారు ఇదొక్కటే. షీల్డు దీనికే!"

అంతే! బావగారు మైకు లాక్కున్నారు. "సోదరులారా! నేను టాక్సీ డ్రైవరు కొడుకుని! ఈ మాట చెప్పడానికి గర్విస్తున్నాను! చెమటే నా వంశం! స్టీరింగే నా సింహాసనం!" చప్పట్లు మోగిపోయాయి. ఆయన కళ్ళు తుడుచుకున్నారు. అధ్యక్షుడైపోయారు. దివాన్‌గారి మనవడు కూడా మైకు దగ్గరికొచ్చి, నిజానికి తమ తాతగారు లారీ క్లీనరని మనవి చేసుకున్నాడు.

బావగారు అక్కడితో ఆగలేదు. బ్యానర్లు రాసిన పెయింటర్ని పిలిచి కారు ముందద్దం మీద, తలుపుల మీద 'టాక్సీ' అని ఏనుగంత అక్షరాలు రాయించారు. తులసమ్మగారు ఆ అక్షరాల్ని కొంగుతో తుడవబోయి, తడి ఆరలేదని ఆగి, ఊరికే చూస్తూ నిలబడ్డారు. ఆవిడ అంత సంతోషంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

విజయయాత్రగా జంక్షన్ దాకా వెళ్ళొద్దామన్నారు బావగారు. మెళ్ళో దండతో ఆయనే నడిపారు. జంక్షన్‌లో లారీలు అడ్డమొచ్చి ఆగగానే, బస్సు తప్పిపోయిన ఒకావిడ సంచీ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"బాబూ, చాట్రాయి వస్తావా? ఎంత తీసుకుంటావు?"

బావగారి మొహం జేవురించింది. "ఏంటమ్మా, కళ్ళు కనపడట్లేదా? నన్ను చూస్తే టాక్సీవాడిలా కనపడుతున్నానా!"

ఆవిడ అద్దం మీది అక్షరాలు చూసింది. బావగారిని చూసింది. అయోమయంగా నన్ను చూసింది. ఇంతలో వెనక తలుపు తెరుచుకుంది.

"రా అమ్మా, కూర్చో" అన్నారు తులసమ్మగారు పక్కకి జరిగి. "బండి మా ఆయనదే. డ్రైవరే కొత్తవాడు, కాస్త పొగరు. నువ్వేం పట్టించుకోకు. ఏరా, పోనీ, చాట్రాయి!"

అధ్యక్షులవారు గేరు వేశారు.