గొడవ లేని ఇల్లు

ఆ ఉదయం రత్నకుమార్ అనుకున్నది చిన్న పని. యూనివర్సిటీ క్యాంపస్‌లో ఓ చుట్టు నడిచి, తిరిగొచ్చేటప్పుడు తార్నాకలో బ్రెడ్డు కొనుక్కోవడం. గేటు దగ్గరే అలేఖ్య ఎదురొచ్చింది. మేడమీద గదిలో అద్దెకుండి సినిమా కథలు రాసుకునే అమ్మాయి.

"అంకుల్, నిర్మాత సాయంత్రం ఇక్కడికే వస్తున్నాడు. మీదీ ఆంటీదీ కథ చెప్పాను కదా, బాగుంది గానీ గొడవేదీ అంటాడు. గొడవ లేకపోతే మ్యాట్నీకే హాలు ఖాళీ అయిపోతుందట. మీరు ఒక్కసారైనా పోట్లాడుకోలేదా?"

రత్నకుమార్ ఆలోచించాడు. చనిపోయిన భార్య మేరీ గురించి ఎంత వెతికినా కాఫీ వాసన, తడి జడ తప్ప ఏమీ దొరకలేదు. "లేదమ్మా" అన్నాడు, తప్పు చేసినవాడిలా.

"ఈసారీ కాదంటే ఏలూరు వెళ్లి బ్యాంకు కోచింగ్‌లో చేరతానని నాన్నకి మాటిచ్చాను."

కరెంటు బిల్లు పంచుకునేటప్పుడు ఆమె లెక్కలు చూసినవాడు కనుక, రత్నకుమార్‌కు ముందు ఆ బ్యాంకు మీదే జాలి కలిగింది. "సాయంత్రానికల్లా ఒక గొడవ పట్టుకొస్తాను" అని బయలుదేరాడు.

ఆర్ట్స్ కాలేజీ ముందు శామ్యూల్ కలిశాడు. ఇద్దరూ ఒకే డిపార్ట్‌మెంటులో బాటనీ చెప్పి రిటైరయ్యారు. శామ్యూల్ హెడ్డుగా చేశాడు.

"శామ్యూల్, మేరీ నాతో ఎప్పుడైనా పోట్లాడిందా?"

"పొద్దున్నే ఏంటయ్యా ఈ ప్రశ్న?"

"గుర్తు రావడం లేదు. సాయంత్రంలోగా గుర్తు రావాలి."

శామ్యూల్ ఆయన్ని బెంచీ మీద కూర్చోబెట్టి, చెట్టు చాటుకు వెళ్లి, చర్చిలో పాటలు నడిపించే స్వర్ణకు ఫోన్ చేశాడు. రత్నానికి మతిమరుపు మొదలైందన్నాడు. స్వర్ణ ఇంకొకామెతో, భార్యనే మరిచిపోయాడట అంది. ఆ కబురు మెట్టుగూడ చేరేసరికి, అందులో ఆయన రోడ్ల మీద మేరీని వెతుకుతూ తిరుగుతున్నాడు.

సాయంత్రానికి ఇల్లు చర్చివాళ్లతో నిండింది. ఫ్లాస్కుల్లో సూపు వచ్చింది. ఒకామె ఆయన చొక్కాకు అడ్రసు చీటీ పిన్నుతో గుచ్చింది. పక్కింటి గట్టయ్య గుమ్మంలో నిలబడ్డాడు. ఆ వెనకే నిర్మాత లక్ష్మీనర్సయ్య వచ్చాడు. "ఏందమ్మా, షూటింగ్ షురూ జేసినవా?"

"నేను బాగానే ఉన్నానండీ. నాకు కావలసింది ఒక్క గొడవ" అన్నాడు రత్నకుమార్. స్వర్ణ కళ్లు తుడుచుకుంది.

శామ్యూల్ ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "మేరీ నీతో పోట్లాడలేదు రత్నం. నాతో పోట్లాడింది. నీకు సాయంత్రం క్లాసులు వేశానని మా వరండాలో కూర్చుంది. టైంటేబుల్ మార్చేదాకా లేవలేదు."

"నాతోనూ అంతే. క్రిస్మస్‌కి మీ సోలో పాట తీసేస్తానంటే నాతో మాటలు మానేసింది" అంది స్వర్ణ. "మీ గొంతు సంగతి మీకెవరూ చెప్పలేదు కదూ అన్నయ్యా?"

చెప్పలేదు.

"నా బోరు మోటరు సప్పుడుకు సార్ లేస్తుండని మేరీ అమ్మ పింగాణి ఫ్యూజు పీక్కపోయింది" అన్నాడు గట్టయ్య. "కొత్తది కొన్నంక గూడ తెల్లారినంకనే ఏస్తున్న. భయం."

రత్నకుమార్ లోపలికి వెళ్లాడు. మేరీ కుట్టుపెట్టెలో ఒక తెల్ల పింగాణీ ముక్క ఉండేది. అదేమిటో తెలియకపోయినా, ఆమె దాచుకుంది కదా అని తుడిచి పెడుతుండేవాడు. దాన్ని అరచేతిలో పెట్టుకుని వచ్చాడు. ఇన్నేళ్లు కమ్మగా పట్టిన తెల్లవారుజాము నిద్ర అంతా అందులోనే ఉంది.

"అంటే హీరోయిన్ అందరితోని కొట్లాడ్తది" అన్నాడు లక్ష్మీనర్సయ్య. "మరి హీరో ఏం జేస్తుంటడు?"

"పడుకుని ఉంటాడండీ" అంది అలేఖ్య.

"పండుకున్నోన్ని సూడనీకి టికెట్టు ఎవడు కొంటడమ్మా?" నిర్మాత లేచాడు.

అప్పుడే గట్టయ్య చెయ్యి చాపాడు. "అది నాదే సార్. ఇయ్యుండ్రి."

"ఇవ్వను" అన్నాడు రత్నకుమార్.

గొంతు పెద్దదేమీ కాదు. అయినా సూపు పోస్తున్న చెయ్యి ఆగిపోయింది.

"నాది నాకు ఇయ్యనంటే ఎట్ల సార్?"

"ఇవ్వనంటే ఇవ్వను. ఏం చేసుకుంటావో చేసుకో."

లక్ష్మీనర్సయ్య మళ్లీ కూర్చున్నాడు. "హీరో లేసిండు. గిదే ఇంటర్వెల్. రాస్కో అమ్మా, సినిమా జేస్తున్నం."

అలేఖ్య ఏలూరు ప్రయాణం మానుకుంది. ఆయన చొక్కాకున్న అడ్రసు చీటీని పిన్ను తీసి ఆయన చేతికిచ్చింది.

మర్నాడు ఇంకా చీకటి ఉండగానే గట్టయ్య మోటారు మోగింది. రత్నకుమార్ లేచి, చెప్పులు వేసుకుని పక్కింటి వైపు నడిచాడు.