దోసె మీద లేబర్ ఖర్చు

దోసె ధర పప్పు, నూనె, గ్యాసుల మీద ఆధారపడి ఉంటుందనుకోవడం చదువుకున్నవాళ్ల అమాయకత్వం. అనకాపల్లి టిఫిన్ ధరల స్థిరీకరణ సంఘం (సభ్యులు ముగ్గురు, ముగ్గురూ హోటల్ యజమానులే) తేల్చిన ప్రకారం, అది కేవలం ఒరిస్సా నుంచి వచ్చినవాళ్ల మీద ఆధారపడి ఉంటుంది.

చంద్రమౌళి హోటల్లో తొమ్మిదేళ్లుగా దోసెలు పోస్తున్న బిపిన్ ఒరిస్సావాడే. కూతుర్ని నర్సింగులో చేర్చాడు. జీతం రెండు వేలు పెంచకపోతే పరవాడలో కంపెనీ కేంటీన్‌కి పోతానన్నాడు. చంద్రమౌళి "సూద్దాం" అన్నాడు. (ఈ మాటకు సంఘం నిబంధనల్లో గడువు లేదు.)

మర్నాడే గోడ మీద బోర్డు వెలిసింది: 'లేబర్ ఖర్చులు పెరిగినందున దోసె ధర పది రూపాయలు పెంచడమైనది.'

బిపిన్‌కి తెలుగు మాట్లాడ్డమే వచ్చు. చట్నీలు రుబ్బే పైడితల్లిని అడిగాడు.

"ఏటి రాసేరక్కా?"

"నీ జీతం పెరిగిందట, తమ్ముడా."

"నాకు సెప్పనేదే!"

"ముందు జనానికి సెప్పాల గదా. కట్టేది ఆళ్లే."

రోజూ వచ్చే సూర్యనారాయణగారు బోర్డు చదివి నిట్టూర్చారు. "ఈ బయటోళ్లొచ్చి మన నోటికాడ కూడు కూడా పిరం సేసేత్తన్నారు. ఒరే బిపినూ, ఇంకోటి వెయ్యి, ఎర్రగా కాల్చు."

బిపిన్ అదీ కాల్చి, చేతులు తుడుచుకుని గల్లా దగ్గరకెళ్లాడు. చంద్రమౌళి జాలిపడ్డాడు.

"అది లేబర్ ఖర్చురా. నీ జీతం వేరు."

"మరి లేబర్ ఎవులు బాబూ?"

ఈ ప్రశ్న సంఘం దాకా వెళ్లింది. అధ్యక్షుడు దేవీప్రసాద్ ఫోన్లోనే తీర్పిచ్చాడు: లేబర్ అనేది ఒక పరిస్థితి, మనిషి కాదు.

ఆదివారం బిపిన్ తన అట్లకాడ తువ్వాల్లో చుట్టుకుని కంపెనీ బస్సెక్కాడు.

"మీ అబ్బాయి ఖాళీయే గదా, మామా?" అని చంద్రమౌళి సూర్యనారాయణగారినే అడిగాడు.

"మావోడా? పెనం కాడా? బీటెక్కు సదివేడు!" పాపం, ఆయన తింటున్న ఇడ్లీ సగంలో వదిలేసి వెళ్లారు.

చంద్రమౌళి తనే రెండు దోసెలు పోశాడు. రెండూ పెనాన్ని విడిచి రానన్నాయి.

"పైడమ్మా, ఆ పెనం కూడా నువ్వే సూసుకో."

"మరి జీతం, బాబూ?"

"సూద్దాం."

సాయంత్రానికి కొత్త బోర్డు వచ్చింది: 'లేబర్ లేనందున లేబర్ ఖర్చులు మరో పది రూపాయలు పెంచడమైనది.'

పైడితల్లే స్టూలెక్కి దానికి మేకు కొట్టింది.