పెద్దావిడ పాటలో ఒక టక్

ఆ ఆదివారం ఉదయం ఇంట్లో చెయ్యవలసిన పనులు మూడే మూడు. హాల్లో కుర్చీలు సర్దడం, కిటికీ అద్దాలు తుడవడం, పెద్దావిడని బీరువాలోంచి బయటికి తీసి శుభ్రం చెయ్యడం. మొదటి రెండూ భార్య వంతు. మూడోది అల్లుడి వంతు. ఆరేళ్ళ కాపురంలో అల్లుడికి ఆ పని అప్పజెప్పడం అదే మొదటిసారి.

పెద్దావిడంటే ఇంట్లో మనిషి కాదు. ఇటలీ భాషలో పాటలతోనే నడిచే నాటకాలుంటాయి, ఒపేరాలంటారు. వాటిలో పాడి పేరు మోసిన గాయని ఆవిడ. అలాంటి మహాగాయనుల రికార్డులు మావగారి బీరువాలో పన్నెండున్నాయి. వాళ్ళ అసలు పేర్లు పలకబోతే నాలుక మడతపడుతుంది గనక ఆయన సొంతంగా పేర్లు పెట్టుకున్నారు. ఒకావిడ కోపిష్టావిడ, ఒకావిడ నీరసపావిడ, అందరికంటే పై స్థాయి అందుకునే ఆవిడ పెద్దావిడ. పాటలో ఆవిడ ఎందుకంత ఏడుస్తోందో ఎవరికీ తెలియదు. పెళ్ళి తప్పిపోయిందని మావగారి అభిప్రాయం. తప్పలేదు, అందుకే ఏడుస్తోందని అత్తగారి అభిప్రాయం.

మావగారిది గడియారాలు బాగుచేసే పని. గడియారం పక్కగదిలో ఉన్నా సరే, రోజుకెన్ని సెకన్లు వెనకబడుతోందో చెవితోనే చెప్పేస్తానంటారు. కాదనే ధైర్యం ఎవరికీ లేదు. హాల్లో ఉన్న గోడగడియారాన్ని చూపించి, "పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన వారంలోనే దీన్ని బాగుచేశాను. ఇవాళ్టికీ ఒక్క చప్పుడు తేడా లేదు" అని వచ్చినవాళ్ళందరికీ చెబుతారు. అవును, ఆయనా ఆ ఇంటికి అల్లుడిగా వచ్చినవారే. ఇల్లూ, గడియారమూ, రికార్డులూ అన్నీ అత్తగారి తండ్రివి.

ప్రతి ఆదివారం సరిగ్గా అయిదు గంటలకి ఆ హాల్లో పెద్దావిడ పాట ఉంటుంది. వినడానికి రిటైరైన హెడ్మాస్టరుగారూ, రిటైరైన నర్సమ్మగారూ వస్తారు. పాట మొదలైన మూడు నిమిషాలకి రికార్డు మీద ఎప్పుడో పడిన గీత ఒకటి "టక్"మంటుంది. అది వినబడగానే మావగారు చూపుడు వేలు పైకెత్తుతారు. మిగతావాళ్ళూ ఎత్తుతారు. ఆ మరుక్షణం పెద్దావిడ గొంతు ఎక్కడికో ఎగిసిపోతుంది. టక్ లేని పెద్దావిడని ఆ ఇంట్లో ఎవరూ ఊహించుకోలేరు.

కిందటి నెలలో మావగారి వేళ్ళు వణకడం మొదలుపెట్టాయి. రికార్డు మీద ముల్లు దింపబోతే అది జారి కిర్రుమంది. ఆయనే నిన్న రాత్రి భోజనాల దగ్గర అల్లుడి వైపు చూడకుండా, "రేపు ముల్లు నువ్వు పెట్టు నాయనా. పొద్దున్న కాస్త తుడిచి కూడా ఉంచు" అన్నారు. ఆరేళ్ళుగా ఆ బీరువా దగ్గరికి వెళ్ళినప్పుడల్లా "కాస్త పక్కకి జరుగు నాయనా" అనే మాట తప్ప మరో మాట వినని అల్లుడు గబగబా తలూపాడు. ఆ రాత్రి సరిగ్గా నిద్ర కూడా పోలేదు.

ఉదయం మావగారు జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్ళారు. అక్కణ్ణించి కొట్టుకి వెళ్ళి గడియారాలన్నిటికీ కీ ఇచ్చి మూడింటికి గాని తిరిగి రారు.

"ఏమండీ, మెత్తటి గుడ్డతో పైపైన తుడిస్తే చాలట. నాన్న మరీ మరీ చెప్పారు" అంది భార్య.

"నాకు తుడవడం నేర్పుతున్నావా? రోజుకి పది పళ్ళసెట్లు తళతళలాడించే చేతులివి" అన్నాడు అల్లుడు.

అతను చేసేది పళ్ళసెట్ల తయారీ. కాబట్టి పెద్దావిడని కూడా పళ్ళసెట్టులాగే గోరువెచ్చటి నీళ్ళలో సబ్బు నురగతో, మెత్తటి బ్రష్షుతో కడిగాడు. నిజానికి అంతవరకూ ఏ నష్టమూ జరగలేదు. ఆరడానికి వంటింటి కిటికీలో పెట్టాడు. అప్పుడే భార్య సోఫా జరపడానికి పిలిచింది. సోఫా జరిపాక అది అక్కడ బాగాలేదంది. మళ్ళీ జరిపాక ముందే బాగుందంది. ముప్పావు గంట తర్వాత అతను వంటింట్లోకి వచ్చేసరికి ఎండ కిటికీ నిండా ఉంది. పెద్దావిడ అంచు ఒకవైపు లేచి, ఇంకోవైపు వాలి, టోపీలా తయారైంది.

భార్య వెనకే వచ్చి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో! నాన్నేమంటారో!"

"ఏమీ అనరు. పక్కకి జరుగు నాయనా అంటారు, అంతే" అన్నాడు అల్లుడు నీరసంగా. తిట్టే మనిషైతే అతనికి అంత భయం ఉండేది కాదు.

వంగిన పళ్ళసెట్టుని వేడినీళ్ళలో మెత్తబరిచి నొక్కితే దారికొస్తుంది. ఆ ధైర్యంతో అతను రికార్డుని మరుగుతున్న నీళ్ళలో ముంచి, రెండు పీటల మధ్య పెట్టి, పైన తను కూర్చున్నాడు. చాలదనిపించి భార్యని కూడా కూర్చోమన్నాడు. పది నిమిషాలయ్యాక తీస్తే రికార్డు పలకలా చదునుగా వచ్చింది. ఆనందం పట్టలేక ప్లేయరు మీద పెట్టి చూశాడు. పెద్దావిడకి బదులు ఎవరో ముసలాయన ఉప్పునీళ్ళు పుక్కిలిస్తున్నట్టు వినిపించింది.

"ఆపండి, ఆపండి, అమ్మ వింటుంది!" అంది భార్య. పెరట్లో బట్టలు ఆరేస్తున్న అత్తగారు ఒకసారి కిటికీ వైపు చూసి మళ్ళీ తన పని చూసుకుంది.

అప్పటికి పదకొండయింది. రెండు వీధుల అవతల పాత సామాన్ల కొట్టు ఉంది. అల్లుడు పాత రికార్డుని కవరుతో సహా సంచిలో పెట్టుకుని పరుగు తీశాడు. కొట్టావిడ కవరు చూసి లోపలికి వెళ్ళి అచ్చం అలాంటిదే తెచ్చింది. అదే గాయని, అదే పాట, అదే కవరు. కళ్ళకద్దుకోబోతుంటే ఆవిడ వెనక్కి లాక్కుంది.

"మీరు పళ్ళు కట్టేవారు కదూ?" అంది నోటికి కొంగు అడ్డం పెట్టుకుని. "నా కింది సెట్టు వదులైపోయింది. బేరమాడదామంటే ఊడి చేతిలోకొస్తోంది. అది బిగించి తెచ్చిస్తే ఇది పట్టుకెళ్ళండి."

"రేపు చేసిస్తానండీ, తప్పకుండా!"

"రేపయితే రికార్డు కూడా రేపే."

మారు మాట్లాడేలోపు సెట్టు ఊడొచ్చి అతని అరచేతిలో పడింది. "రికార్డు ఇప్పుడే ఇచ్చెయ్యండి, సెట్టు బిగించి సాయంత్రంలోగా తెస్తాను. నామీద ఒట్టు" అని అతను బతిమాలగా బతిమాలగా, పళ్ళు లేకుండా వాదించలేక ఆవిడ రికార్డు కూడా ఇచ్చింది.

పని చేసే చోటుకి వెళ్ళి తాళం తీస్తుండగా భార్య ఫోను చేసింది.

"దొరికిందా? బతికించారు! అవునూ, మరి టక్ ఉందా?"

"ఏం టక్?"

"టక్ లేకపోతే నాన్న వేలెప్పుడు ఎత్తుతారండీ?"

అల్లుడు అక్కడే స్టూలు మీద కూలబడ్డాడు. కొత్తది అద్దంలా మెరిసిపోతోంది. మచ్చ లేని రికార్డు తెచ్చుకున్నందుకు తనని తనే తిట్టుకున్నాడు.

చివరికి పాత రికార్డుని పెద్ద భూతద్దం కింద పెట్టాడు. పాట పాడైపోయినా గీత మాత్రం చెక్కుచెదరలేదు. అంచు నుంచి ఎంత దూరమో, ఎంత పొడుగో పళ్ళు కొలిచే పరికరంతో కొలిచాడు. చూస్తున్నకొద్దీ అతనికి ఆశ్చర్యం వేసింది. పొరపాటున పడిన గీతలా లేదది. ఎవరో స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది. గొప్పవాళ్ళ రికార్డుల మీద గీతలు కూడా గొప్పగానే పడతాయి కాబోలు అనుకుని, సన్నటి సూది అందుకుని, ఊపిరి బిగబట్టి, కొత్త రికార్డు మీద అదే చోట గీశాడు. సరిపోతుందో లేదో తెలియక మరోసారి గీశాడు. విని చూద్దామంటే అక్కడ ప్లేయరు లేదు. తర్వాత కొట్టావిడ సెట్టు బిగించి, ఆవిడకిచ్చి, ఆవిడ ఒక్కొక్క పన్నుతో కొరికి చూసి సరే అనేదాకా నిలబడి, ఇంటికి చేరేసరికి నాలుగున్నర. మావగారు అప్పటికే కొత్త క్షవరంతో హాల్లో కూర్చుని ఉన్నారు.

"ఎక్కడికెళ్ళావు నాయనా?"

"పళ్ళు... అర్జంటు పళ్ళండీ మావయ్యగారూ" అన్నాడు అల్లుడు. సంచి వంటింట్లోకి చేరింది, భార్య చీరచాటున కొత్త రికార్డు పాత కవర్లోకి దూరింది.

అయిదుకి అయిదు నిమిషాలుండగా హెడ్మాస్టరుగారూ నర్సమ్మగారూ వచ్చి తమ తమ కుర్చీల్లో కూర్చున్నారు. అత్తగారు కూడా చెయ్యి తుడుచుకుంటూ వచ్చి తలుపు పక్కన కూర్చుంది. "ఇవాళ్టినుంచి ముల్లు మా అల్లుడు పెడతాడు" అన్నారు మావగారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన తన కుడిచేతిని ఎడంచేతితో పట్టుకుని ఉన్నారు. అది చూసి, అంతా ఇప్పుడే చెప్పేస్తే పోతుందేమో అనుకున్నాడు అల్లుడు. గోడగడియారం అయిదు కొట్టింది. అతను ముల్లు దింపాడు.

పెద్దావిడ మొదలుపెట్టింది. మొదటి నిమిషం గడిచింది. మావగారు కళ్ళు మూసుకుని ఉన్నారు. రెండో నిమిషం గడిచింది. అల్లుడి వీపు మీద చెమట కారుతోంది. భార్య కర్టెను అంచుని పిడికిట్లో పెట్టి నలిపేస్తోంది. మూడో నిమిషం వచ్చింది.

టక్.

సరిగ్గా అక్కడే! వేళ్ళన్నీ లేచాయి. అల్లుడికి ప్రాణం లేచొచ్చింది. పెద్దావిడ పైకి ఎగరబోయింది.

టక్. మళ్ళీ ఎగరబోయింది. టక్. మళ్ళీ ఎగరబోయింది. ముల్లు గీతలో ఇరుక్కుని వెనక్కీ వెనక్కీ పడుతోంది. హెడ్మాస్టరుగారి వేలు టక్‌కోసారి లేస్తూ దిగుతూ ఉంది. నర్సమ్మగారు ఎత్తిన వేలుని దింపాలో వద్దో తెలియక మావగారి వైపు చూసింది. అల్లుడు ముల్లు ఎత్తబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మావగారు నెమ్మదిగా కళ్ళు తెరిచారు. లేచి వచ్చి, ప్లేయరు పెట్టె అంచుమీద గోటితో చిన్నగా తట్టారు. ఆగిపోయిన గడియారాలని నలభై ఏళ్ళుగా తట్టి లేపుతున్న గోరు అది. ముల్లు గీత దాటింది, పెద్దావిడ గొంతు ఎగిసి ఇంటికప్పుని తాకింది.

"ఇవాళ ఎంత ఊరించిందండీ!" అన్నారు హెడ్మాస్టరుగారు కళ్ళు తుడుచుకుంటూ.

వాళ్ళిద్దరూ వెళ్ళిపోయాక మావగారు తలుపు వేసి వచ్చి అల్లుడికి ఎదురుగా కూర్చున్నారు. అల్లుడు ఇక ఉండబట్టలేకపోయాడు. కిటికీ, ఎండ, పీటలు, కొట్టావిడ పళ్ళు, అన్నీ ఒక్క గుక్కలో చెప్పేసి తల దించుకున్నాడు. పక్కకి జరగమంటారని ఎదురుచూశాడు.

"లోతు ఎక్కువైంది" అన్నారు మావగారు.

"ఏంటండీ?"

"గీత లోతు. రెండుసార్లు గీశావు కదూ? నేను గీసినప్పుడు ఇంత నొక్కలేదు."

అల్లుడు నోరు తెరిచాడు. మావగారు తలుపు పక్కన కూర్చున్న అత్తగారి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించారు. "ఈ ఇంటికొచ్చిన వారంలోనే మా మావగారి రికార్డు నా చేతిలోంచి జారి ముక్కలైంది. ఎవరూ చూడకుండా ఇంకోటి తెచ్చిపెట్టాను. పెట్టి వింటే టక్ లేదు! నా ప్రాణాలు పోయాయనుకో. రాత్రికి రాత్రి గడియారం పనిముట్టుతో గీసి పెట్టాను. ఆయన పోయేదాకా కనుక్కోలేకపోయారు. ఇవాళ నువ్వు కూడా... భలేవాడివోయ్!" అని అల్లుడి భుజం తట్టారు. అల్లుడికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఆరేళ్ళలో ఆ ఇల్లు తనదనిపించింది అప్పుడే.

"కనుక్కోలేకపోయారా?" అంది అత్తగారు, తలుపు పక్కనుంచి కదలకుండా. "మీరు గీత గీసేదాకా మా నాన్నకి రికార్డు మారిందనే తెలీదు."

"అదేమిటి?"

"నాన్న రికార్డులో టక్ ఎక్కడిదండీ? ఆ టక్ గోడగడియారానిది. అందులో ఏదో చక్రానికి పన్ను విరిగింది. గంట కొట్టిన మూడు నిమిషాలకి టక్‌మనేది. నాన్న ఎప్పుడూ అయిదు కొట్టగానే పాట పెట్టేవారు కాబట్టి ప్రతిసారీ అదే చోట వినబడేది. మీరొచ్చిన వారంలోనే గడియారం బాగుచేసేశారు, ఆ చప్పుడు పోయింది."

"మరి... మరి ఎవరూ చెప్పలేదేం నాకు?"

"నాన్నే వద్దన్నారు. పాపం అల్లుడు అంత కష్టపడి గీశాడు, ఉండనీ అన్నారు. వేలెత్తడం కూడా ఆయనే మొదలుపెట్టారు. మీ గీత బాగుందని చెప్పడానికి."

మావగారు గోడగడియారం కేసి చూశారు. తర్వాత చెయ్యి చాపి అల్లుణ్ణి దగ్గరికి పిలిచి, కాస్త పక్కకి జరిగి తన సోఫాలో చోటిచ్చారు.

గోడగడియారం ఆరు కొట్టింది, ఎప్పటిలాగే ఒక్క చప్పుడు తేడా లేకుండా.